నీరటి ఐలన్న మెడలో కాలువ

నీరటి ఐలన్న నోరు ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురుచూడని మనిషి మా ఊళ్లో లేడు. చివరికి అది మూతపడ్డాక ఒక్క మాట కోసం మేం ఎక్కడెక్కడ తిరిగామో చెబుతాను.

వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. రుద్రారం దగ్గర పెద్ద రోడ్డు దిగి పాశమైలారం వైపు లోపలికి వస్తే, చెరువు కట్ట కింద మా ఊరు. ఆ చెరువుకు ఐలన్న నీరటి, అంతకుముందు ఆయన తండ్రి నీరటి. తూము తెరిచి, ఎవరి పొలానికి ముందు, ఎవరికి తర్వాత, ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం నీరటి పని. పటేల్ పొలమైనా కూలివాడి చెక్కయినా ఐలన్న పార దించితేనే నీళ్లు అటు తిరిగేవి. కోతలయ్యాక కళ్లాల దగ్గర రైతులు కొలిచి పోసిన వడ్లతో ఆ ఇల్లు గడిచేది.

తూము తీసిన పొద్దు ఆయన కట్ట మీద నిలబడి ఒక కేక వేసేవాడు. "నీళ్లిడిసిన రో! మీ ఒడ్లు మీరు సూస్కోర్రి రో!" ఆ కేక చివరి మడిదాకా వినబడేది. అంతటితో ఆగితే ఆయన ఐలన్న ఎందుకవుతాడు? కాలువ వెంట నడుస్తూ నీళ్లతో మాట్లాడేవాడు, ఎండ్రకాయలతో మాట్లాడేవాడు, ఎదురొచ్చిన మనిషిని ఆపి వాడి తాత కాలంనాటి ఒడ్డు తగాదా మొదలుపెట్టేవాడు. పని మీద పోయేవాళ్లు ఆయన్ను దూరం నుంచే చూసి వేరే గట్టు ఎక్కేవారు.

ఆయన భార్య మొగులమ్మను నేను పెద్దమ్మా అని, ఆయన్ను పెద్దనాయినా అని పిలిచేవాణ్ణి. వాళ్లకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉన్నవి రెండే గొంతులు. ఒకటి ఆగకుండా పారేది, రెండోది దానికి అడ్డుకట్ట వేసేది.

"ఊరి చెరువుకు తూమున్నది. నీ నోటికి లేదా?" అనేది మొగులమ్మ.

"ఉంటే నీ చేతులనే ఉండునే! ఊరంత ఎండుతుండె," అనేవాడు ఆయన.

అన్నం ముందు అదే, పడక ముందు అదే. గోడ ఇవతల మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. నాకూ అందులోనే ఉద్యోగం దొరికింది కాబట్టి వాటిని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఎనభైల చివరికొచ్చేసరికి మా చెరువు నీళ్లు ఒక రోజు ఎర్రగా, ఒక రోజు నల్లగా ఉండేవి. నారు మాడిపోయింది, చూడి బర్రెలు ఈసుకుపోయాయి. ఒక వానాకాలం ఐలన్న తూము తీయడానికి పోతుంటే రైతులే అడ్డం నిలబడ్డారు. "ఇడువకు ఐలన్నా, నీకు దండం పెడతం. ఆ నీళ్లు మా పొలంల పడితే మన్నే సస్తది," అన్నారు. ఇడువమని బతిమాలేవాళ్లను, ముందు నాకంటే నాకని కొట్లాడేవాళ్లను ఆయన చూశాడు. ఇడువొద్దని దండం పెట్టినవాళ్లను అదే మొదటిసారి చూడటం. ఆ పొద్దు ఆయన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మొగులమ్మ భయపడి మా ఇంటికి వచ్చింది.

నేనే మా ఫ్యాక్టరీలో చెప్పి ఆయన్ను తోటమాలి పనిలో పెట్టించాను. ఆఫీసు ముందు గడ్డికీ గులాబీలకీ రబ్బరు పైపుతో నీళ్లు పట్టడం పని. ఊరంతటికీ నీళ్లు పారించిన మనిషికి దోసెడు గడ్డి అప్పజెప్పారు.

"పని మంచిదే లింగం," అన్నాడొకసారి. "కానీ పైపుల నీళ్లకు సప్పుడు లేదు. యాడ ఉరుకుతున్నయో, యాడ ఆగుతున్నయో తెలుస్తలేదు. నిద్రల గూడ కాలువ సప్పుడే వినొస్తది నాకు."

ఆ మాట మళ్లీ మళ్లీ అనేవాడు. అప్పట్లో నాకు విసుగ్గా ఉండేది.

తొంభై నాలుగులో డాక్టర్ సూర్యారావు మా ఊరికి వచ్చారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన నుంచి వ్యాన్‌లో వచ్చి బడిలో ఒక గదిలో దిగారు. మా ఊళ్లో జబ్బున్నవాళ్లంతా సంబరంగా వరస కట్టారు. తీరా చూస్తే ఆయనకు రోగం ఉన్నవాళ్లు అక్కర్లేదు. ఏ బాధా లేనివాళ్లు కావాలి. రక్తనాళాల జబ్బు పైకి కనబడటానికి ఎన్నో ఏళ్ల ముందే లోపల మొదలవుతుందట. అది ఎక్కడ మొదలవుతుంది, రక్తం పారే తీరుకూ దానికీ సంబంధం ఏమిటి అన్నది ఆయన పరిశోధన. జనం గుసగుసలాడారు. "లేని రోగం అంటగడతడు, పోకుర్రి," అన్నారు. ఎవరూ కదలలేదు. కొత్త మనిషి దొరికాడు, మాట్లాడొచ్చు అని ఐలన్న ముందుకొచ్చాడు. ఆయన్ను ఒంటరిగా వదిలితే డాక్టర్‌కు పొద్దు గూకుతుందని మొగులమ్మ వెంట వచ్చింది. నాకు మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి నేనూ పోయాను.

ఐలన్నను బల్ల మీద పడుకోబెట్టి మెడకు చల్లటి జిగురు రాశారు. డాక్టర్ చేతిలో పెన్ను లాంటి పరికరం ఒకటి, దానికి వైరు, వైరు చివర చిన్న స్పీకర్ పెట్టె. ఆ పెన్ను మెడకు ఆనిస్తే లోపల రక్తం పారే చప్పుడు పెట్టెలోంచి వస్తుంది. ఆ చప్పుడును దవాఖానకు తీసుకుపోయి యంత్రంలో పెట్టి చూస్తారట. టేప్‌రికార్డర్‌కు కలిపే వైరు ఆ రోజు పాడైంది. అందుకని మామూలు టేప్‌రికార్డర్‌నే స్పీకర్ ముందు పెట్టి మీట నొక్కారు. "గదిలో ఎవరూ మాట్లాడకండి, అంతా ఇందులో పడుతుంది," అన్నారు డాక్టర్.

చప్పుడు మొదలైంది. హుష్, హుష్ అని, తెంపు లేకుండా, ఒక వరసలో. మనిషి మెడలో అంత చప్పుడుంటుందని మాకెవరికీ తెలియదు. డాక్టర్ పెన్నును నెమ్మదిగా దవడ కిందికి జరిపారు. అక్కడ చప్పుడు మారింది. హుష్ అన్న ప్రతిసారీ వెనక చిన్నగా ఇంకేదో గునుస్తూ వెనక్కి తిరుగుతోంది. ఐలన్న కళ్లు పెద్దవయ్యాయి. తల కొంచెం ఎత్తి, మొగులమ్మ వైపు చూసి ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు.

మొగులమ్మ చూపుడువేలు పెదవుల మీద పెట్టి, "గమ్మునుండు! ఒక్క గడియ నోరు మూసుకుంటే ఊరేం మునగది," అంది.

ఐలన్న నోరు మూసుకున్నాడు. డాక్టర్ కూడా నవ్వు ఆపుకున్నారు.

టేపు ఆపాక ఆయనే చెప్పడం మొదలుపెట్టారు కాబట్టి ఐలన్న మాట ఐలన్న దగ్గరే ఉండిపోయింది. "మెడలో పెద్ద నాళం ఒకటి పైకి పోయి, ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి మెదడుకు, ఒకటి మొహానికి. తిన్నగా ఉన్నచోట రక్తం గోడను రాసుకుంటూ సాఫీగా పోతుంది. చీలేచోట, బయటివైపు గోడ దగ్గర మాత్రం నెమ్మదిస్తుంది, సుడి తిరుగుతుంది, కాసేపు వెనక్కి కూడా పోతుంది. జబ్బు మొదట అక్కడే పడుతుంది."

ఐలన్న లేచి కూర్చున్నాడు. "మా పెద్ద కాలువ రెండు పాయలయ్యే కాడ గట్లనే సార్. బయటి ఒడ్డుకు నురుగు గిర్రున తిరుగుతది. ఒండుమట్టి అంత ఆడనే కూసుంటది."

"దాదాపు అలాంటిదే," అన్నారు డాక్టర్. ఆ 'దాదాపు' అన్న మాటే ఐలన్న చెవిన పడలేదు.

ఆయన్ను హైదరాబాద్ తీసుకుపోయి పెద్ద యంత్రంతో మెడ లోపలి పటం తీయించి పంపారు. ఎడమవైపు చీలిక దగ్గర గోడ లోపలి పొర మందం అవుతోందట. ఇంకా అడ్డం పడలేదు, ఇప్పుడే మొదలు. రక్తపోటు మాత్రం బాగా ఉంది. బీడీ మానాలి, ఉప్పు తగ్గించాలి, నడవాలి, మాత్రలు రోజూ వేసుకోవాలి. మాత్రలు వాళ్లే ఇచ్చారు.

ఇక మా నీరటి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఏటా మొదటి తడికి ముందు నీరటి కాలువలోకి దిగి, పాయలు చీలేచోట గట్టిపడ్డ ఒండును మడమలతో తొక్కి వదులు చేస్తాడు. తర్వాత తూము నిండుగా తీస్తే ఆ నీళ్లే దాన్ని ఊడ్చుకుపోతాయి. తాతల నాటి పద్ధతి, ఎన్నడూ తప్పలేదు. కాలువకు పనికొచ్చింది మెడకు ఎందుకు పనికిరాదు?

"మొగులీ, జెర ఆముదం ఎచ్చజేసి ఈడ పిసుకు," అన్నాడు. "ఒండు వదులైతే ఇగ నెత్తురే కొట్టుకపోతది."

మొగులమ్మకూ అది సబబుగానే తోచింది. రోజూ దీపాలు పెట్టే వేళ ఆయన వాకిట్లో పీట మీద కూర్చునేవాడు. ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని దవడ కింద రెండు వేళ్లతో నూనె రాసి పిసికేది. పిసుకుతున్నంతసేపూ ఆయన కాలువ వెంట నడిచేవాడు, మాటల్లో. ఏ మలుపు దగ్గర ఎవరి పొలం, ఎక్కడ నీళ్లు గలగలమంటాయి, ఎక్కడ గుడగుడమంటాయి. "గమ్మునుండు, వేలు జారుతున్నది," అనేది ఆమె. అది వైద్యమని వాళ్లనుకున్నారు. నాకు మాత్రం ఆ ముసలివాళ్ల సరసంలాగే ఉండేది. నా పెళ్లి కొత్తలో కూడా మా ఇంట్లో అంత ముచ్చట లేదు, నిజం చెబుతున్నా.

ఒక సాయంత్రం మాట మధ్యలో ఆయన కళ్లు తేలేసి ముందుకు పడిపోయాడు. మొగులమ్మ కేకకు నేను గోడ దూకాను. నీళ్లు చల్లితే తేరుకున్నాడు. మళ్లీ వ్యాన్ వచ్చినప్పుడు సంగతి చెబితే డాక్టర్ సూర్యారావు మొహం ఎర్రబడింది.

"మెడ పిసుకుతారా ఎవరైనా? అక్కడ నొక్కితే గుండె కొట్టుకోవడమే నెమ్మదిస్తుంది. మీ కాలువ ఒడ్డు మట్టి, ఐలన్నా. ఇది ప్రాణమున్న గోడ. రక్తం ఒక దారిన బలంగా రాసుకుంటూ పోతే అది ఆరోగ్యంగా ఉంటుంది. ముందుకూ వెనక్కూ ఊగిసలాడే చోట నీరసించి వాచిపోతుంది, కొవ్వు గోడలోకే దిగుతుంది. పూడిక నీళ్లలో లేదు, ఒడ్డు లోపలుంది. పిసికితే అది పోదు, మీరు పోతారు."

మొగులమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఐలన్న తల వంచుకుని, "మరి దీనికి నీరటి పనేం లేదా సార్?" అని అడిగాడు.

"నడవండి. రోజూ చురుగ్గా నడిస్తే రక్తం జోరుగా పారుతుంది. గోడకు అదే మేలు. మాత్ర మరవకండి. అదే నీరటి పని."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఫ్యాక్టరీకి పోయే ముందు పొద్దున్నే భుజాన పార వేసుకుని, తూము దగ్గర నుంచి చివరి మడిదాకా ఎండిన కాలువ వెంట నడిచేవాడు. నీళ్లు లేని కాలువలో పార ఎందుకని పిల్లకాయలు నవ్వేవాళ్లు. నవ్వనీ. ఆ నడక ఆయన్ను రెండు మూడేళ్లు బాగానే నిలబెట్టింది. బీడీ మానానని ఒట్టేశాడు, చెరువు కట్ట మీది తుమ్మచెట్ల చాటున తాగాడు. నాకు తెలుసు, మొగులమ్మకూ తెలుసు.

తర్వాత డాక్టర్ పరిశోధన ముగిసింది. వ్యాన్ రావడం ఆగిపోయింది. మాత్రలు ఇక పటాన్‌చెరు పోయి కొనుక్కోవాలి. కొనలేక కాదు, ఐలన్నకు అలక వచ్చింది. రోజంతా మాట్లాడిన డాక్టర్ పోతూ పోతూ ఒక మాట చెప్పకుండా పోయాడని.

"నొప్పి లేదు, తీపు లేదు. నేను బతికున్ననో లేదో ఆయనకే పట్టలే. నాకెందుకు ఆయన గోలి?"

"చెరువు మీద అలిగి ముడ్డి కడగనోడు నీ అసొంటోడే!" అని మొగులమ్మ ఊరు వినేలా తిట్టింది. ఆయన పెద్దగా నవ్వాడు. మాత్ర మాత్రం వేసుకోలేదు.

తొంభై ఎనిమిది వానాకాలం. నేను రాత్రి షిఫ్టు దిగి తెల్లారి సైకిల్ మీద వస్తుంటే, పెద్ద కాలువ రెండు పాయలయ్యేచోట ఐలన్న కూర్చుని ఉన్నాడు. పార పక్కన పడి ఉంది. "ఏంది పెద్దనాయినా, గీడ కూసున్నవ్?" అన్నాను. నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మెడ నరాలు బిగిశాయి, కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. మాట రాలేదు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఊరికి దిక్కులదిరేలా కేకలు వేసిన గొంతులోంచి ఒక "ఆఁ" వచ్చింది. అంతే.

సంగారెడ్డి దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయాం. కబురు పంపితే డాక్టర్ సూర్యారావు వచ్చి చూశారు. మెడలో ఎడమవైపు ఆ చీలిక దగ్గరే గోడ పగిలి, రక్తం గడ్డ కట్టి, ఆ గడ్డలో ముక్క మెదడులోకి పోయిందట. మాటలుండే చోటికే పోయింది.

మొగులమ్మ తన వేళ్లు ముందుకు చాపింది. "సార్, ఈ చేతుల వల్లనా?"

"కాదమ్మా. అది ఎప్పటి సంగతో. బీడీ, రక్తపోటు, మాత్రలు మానడం. మీ చేతులు కాదు."

ఆమె తల ఊపింది. అయినా ఆ తర్వాత చాలాకాలం ఆముదం సీసా ముట్టుకోలేదు.

ఐలన్న ఇంటికొచ్చాడు. కర్ర పట్టుకుని కాలు ఈడుస్తూ నడిచాడు. ఎడమచేత్తో తిన్నాడు. ఎవరేం మాట్లాడినా అర్థమయ్యేది, నవ్వొస్తే నవ్వేవాడు. మాట మాత్రం లేదు. ఆయన్ను చూసి గట్టు మారినవాళ్లే పనిగట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక లేచి వెళ్లిపోయేవారు. గోడ అవతలి ఆ నిశ్శబ్దం నాకే భరించరానిదిగా ఉండేది. వేళాపాళా లేని ఆ వాగుడు మళ్లీ వినబడితే చాలునని నేను దేవుణ్ణి అడుగుతానని ఎప్పుడైనా అనుకున్నానా?

మొగులమ్మ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. "ఉప్పు తక్కువైందంటవ్ ఇప్పుడు. డాక్టర్ సాబ్ ఏమన్నడో మర్సినవా? నువ్వేమంటవ్, డాక్టర్ నాలిక మీద ఉప్పు లేదా అంటవ్." అలా సాగి సాగి ఒక చోట ఆగిపోయేది.

ఒక రోజు నన్ను పిలిచి గడప దగ్గర కూర్చోబెట్టింది. "లింగం, నీకొకటి చెప్త, నవ్వకు. ఆయన మాటలన్ని యాదికున్నయ్. గొంతే యాదికొస్తలేదు. మనిషి కండ్ల ముంగటనే ఉన్నడు. గొంతు పోతున్నది నా చెవులకెళ్లి. ఒక్కసారి వినాలె బిడ్డా. యాడన్న పట్టి ఉన్నదా?"

నవ్వలేదు నేను.

మా చెల్లె పెండ్లికి వీడియో తీయించాం. ఆ క్యాసెట్ పెట్టాం. ఐలన్న అందులో ఉన్నాడు. పందిట్లో నిలబడి మా మేనమామను పట్టుకుని చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, చాలాసేపు. కానీ వీడియోవాడు మాటలన్నీ తీసేసి మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టాడు. మొగులమ్మ లేచి వెళ్లి టీవీకి చెవి ఆనించింది. పాట కింద ఎక్కడైనా ఆయన గొంతు ఉంటుందేమోనని. ఆ వీడియోవాడు ఆ క్షణాన చేతికి దొరికితే ఏం చేసేవాణ్ణో తెలియదు.

అలా చెవి ఆనించి ఉండగానే ఆమెకు గుర్తొచ్చింది. "బడిల! డాక్టర్ సాబ్ టేపు పెట్టిండు కదరా!"

ఇద్దరం బస్సెక్కి హైదరాబాద్ పోయాం. డాక్టర్ సూర్యారావు తల పూర్తిగా నెరిసింది. త్వరలో రిటైరవుతున్నారట. అలమారా నిండా క్యాసెట్లు. వెతికి ఒకటి తీశారు, అట్ట మీద 'నీరటి' అని ఉంది. కానీ ఇవ్వడానికి తటపటాయించారు.

"అమ్మా, ముందే చెబుతున్నా. ఇందులో ఉన్నది రక్తం చప్పుడు. మాటలు పడకూడదని అందరినీ మాట్లాడొద్దన్నాం. మీరు ఆశపడి..."

"ఆయన నోరు ఊకుండదు సార్," అంది మొగులమ్మ. "మీరు వద్దన్నా ఏదో ఒకటి అనే ఉంటడు. నాకెర్క."

డాక్టర్ క్యాసెట్‌ను ఆమె చేతిలో పెట్టారు. "మా పని అయిపోయింది. ఇది మీ ఇంట్లో ఉండాల్సిందే."

అక్కడే వింటావా పెద్దమ్మా అంటే వద్దంది, ఆయనతో కలిసి వినాలంది. బస్సులో క్యాసెట్‌ను కొంగులో ముడివేసి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నాకూ గట్టి నమ్మకమే. ఐలన్న నోరు మూసుకున్న సందర్భం నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. పటాన్‌చెరు దాటాక ఆమె మొహం చూస్తే, పెండ్లికూతురు మొహంలా ఉంది.

ఇంటికి చేరేసరికి పగలు రెండు దాటింది. ఐలన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా ఇంట్లోంచి టేప్‌రికార్డర్ తెచ్చి మంచం మీద పెట్టాను. మొగులమ్మ కింద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "నీ గొంతు తెచ్చిన, విను," అంది. మీట నొక్కాను.

మొదట గరగరమంది. ఎక్కడో కాకి అరిచింది. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఎవరో బల్ల జరిపారు. తర్వాత హుష్, హుష్ అని చప్పుడు మొదలైంది. కాసేపటికి ఆ చప్పుడు మారింది, చీలిక దగ్గరకొచ్చింది. మొగులమ్మ ముందుకు వంగింది. అప్పుడు టేపులోంచి ఒక గొంతు గట్టిగా, దర్జాగా వచ్చింది.

"గమ్మునుండు! ఒక్క గడియ నోరు మూసుకుంటే ఊరేం మునగది."

అది ఆమె గొంతే. ఆ తర్వాత ఇక రక్తమే. ఇంకే మాటా లేదు.

మొగులమ్మ మొహం చూడలేక నేను టేప్‌రికార్డర్ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆయన రెండు మోకాళ్లూ పట్టుకుని ఊపింది.

"ఏం జెప్పబోయినవయ్యా ఆ పొద్దు? నా దిక్కు సూసి నోరు తెరిస్తివి. ఏమనబోయినవ్? నేనే మూయిస్తిని. ఇగ ఎన్నడు గమ్మునుండమనను, సెప్పు. ఒక్కమాట సెప్పు."

ఐలన్న ఆమె వైపు చూశాడు. చాలాకాలం తర్వాత ఆయన కళ్లలో ఆ పాత కొంటెతనం కనబడింది. ఎడమచెయ్యి మెల్లగా పైకి ఎత్తి, చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. అచ్చం ఆమె ఆ రోజు పెట్టినట్టే. తర్వాత అదే వేలితో టేప్‌రికార్డర్‌ను చూపించాడు. విను, అన్నట్టు.

హుష్ అని ముందుకు పోతోంది, చీలిక దగ్గర గునిసి వెనక్కి తిరుగుతోంది, మళ్లీ పోతోంది. ఆయన కళ్లు మూసుకుని, ఆ చప్పుడుకు తగ్గట్టు తల చిన్నగా ఊపుతున్నాడు. పెద్ద కాలువ పాయలయ్యేచోట, నీళ్లు వదిలిన పొద్దు, గట్టు మీద నిలబడి వినేవాడు కదా, అలా.

మొగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మోకాలికి తల ఆనించి, టేపు అయిపోయేదాకా చప్పుడు చేయలేదు.